పదమూడేళ్ల వాళ్ల కోసం అరగంట

అమ్మలూ,

మీ కాలేజీ కమ్యూనిటీ రేడియోలో వారానికో అరగంట మీ జట్టుకి ఇచ్చారని, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం కార్యక్రమం చేయమన్నారని రాశావు. సంతోషం. పోస్టర్లు ఎన్ని వేయించాలి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం పెట్టాలి అని రెండు పేజీలు అడిగావు గానీ, కార్యక్రమంలో ఏముంటుందో ఒక్క ముక్క రాయలేదు. రేడియోకి ప్రచారం రికార్డింగ్ దగ్గరే మొదలవుతుంది. ఒక పిల్ల గొంతు ప్రసారమైతే ఆ పిల్ల అమ్మా నాన్నా, పక్కింటివాళ్లూ, క్లాసులో పక్క బెంచీవాళ్లూ వింటారు. ఆ పని ఏ పోస్టరూ చేయలేదు. కాబట్టి పోస్టర్ల సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక చిన్న రేడియో సెట్టు పట్టుకుని ఊళ్లు తిరిగి రండి. కమ్యూనిటీ రేడియోకి ఇచ్చే ప్రసార సామర్థ్యం మామూలుగా 100 వాట్లు. అది చుట్టూ అయిదు నుంచి పది కిలోమీటర్ల దాకా పోతుందంటారు గానీ, మధ్యలో గుట్ట ఉంటే ఆ అయిదు కూడా దక్కదు. ప్రతి బడి గేటు దగ్గరా, హాస్టల్ లోపలా, బస్సు ఆగే చోటా సెట్టు పెట్టి వినండి. కాంక్రీటు గదిలో గరగరలాడేది కిటికీ దగ్గర బాగా వినపడుతుంది. ఆ సంగతి వార్డెన్‌కి చెప్పి సెట్టు అక్కడ పెట్టించండి. వినపడని బడికి వెళ్లి "మా ప్రోగ్రాం వినండి" అని చెప్పి వస్తే, ఆ పిల్లలు ఒకసారి ప్రయత్నించి ఊరుకుంటారు. మళ్లీ నమ్మరు.

ఇంకో తిరకాసు ఫోన్లది. ఎఫ్.ఎం. ఉన్న ఫోన్లో కూడా వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చితేనే స్టేషన్ అందుతుంది, ఎందుకంటే ఆ వైరే యాంటెన్నా. బ్లూటూత్ బడ్స్‌తో పని జరగదు. కొత్త ఫోన్లు చాలావాటిలో ఎఫ్.ఎం. అన్నదే లేదు. పిల్లలు "రావట్లేదక్కా" అంటే నూటికి ఎనభై వంతులు కారణం ఇదే అయి ఉంటుంది. సెట్టు లేని వాళ్ల కోసం అదే రాత్రి కార్యక్రమాన్ని ఇంటర్నెట్లో పెట్టే ఏర్పాటు మొదటి వారం నుంచే ఉండాలి.

వేళ సంగతి. మీకు తీరిక ఉన్న గంట కాదు, వాళ్లకి ఉన్న గంట చూడండి. గురుకులం పిల్లలకి ఫోన్లు ఉండవు, సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది. వాళ్లకి ఆదివారం టిఫిన్ అయ్యాక కుదురుతుంది. ఇంటినుంచి వచ్చే పిల్లలు ఆ వేళకి క్రికెట్ గ్రౌండ్లో ఉంటారు. వాళ్లకి సాయంత్రం ఆరున్నర మంచిది. అంటే మొదటి ప్రసారం ఒకటి, పునఃప్రసారం ఒకటి. ఒకసారి పెట్టిన వేళని ఆరునెలల దాకా కదపకండి. అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యే కార్యక్రమానికి అలవాటు పడ్డ శ్రోత ఉండడు.

అరగంట అంటే ముప్ఫై నిమిషాలు కాదు. స్టేషన్ గుర్తింపు ప్రకటన, ముందూ వెనకా ఖాళీ పోగా మీకు మిగిలేది ఇరవై ఎనిమిదిన్నర. దాన్ని ఇలా పంచుకోవచ్చు. సంగీతం ఇరవై సెకన్లు, ఇవాళ ఏముందో నలభై సెకన్లు. బయట రికార్డు చేసుకొచ్చిన ముఖ్యమైన అంశం ఏడు నిమిషాలు. పిల్లలు పంపిన వాయిస్ మెసేజిలకి మూడు నిమిషాలు. పాటకి నాలుగు. లెక్కలో, సైన్సులో ఒక సందేహం, దానికి జవాబు ఆరు. చిన్న నాటికో పొడుపుకథల పోటీయో అయిదు. వచ్చే వారం ఏముందో, ఎవరెవరు పనిచేశారో ఒకటిన్నర. ఒక నిమిషం ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి, ఏదో ఒకటి సాగుతుంది. నాటిక వారంవారం చేయబోకండి. రాయడం, అయిదుగురిని ఒకచోటికి చేర్చడం రెండూ చంపేస్తాయి. నెలకొకటి చాలు.

ఇప్పుడు భాష. మీరు రాసిన మొదటి స్క్రిప్టు ఎలా ఉంటుందో నేను ఇక్కడినుంచే చెప్పగలను: "గ్రామీణ ప్రాంత విద్యార్థులు ఎదుర్కొంటున్న రవాణా సమస్యలపై ఈనాటి కార్యక్రమంలో చర్చించుకుందాం." ఇది కాగితం భాష. వినేవాడికి మొదటి నాలుగు మాటలకే చెవి మూతపడుతుంది. అదే సంగతి ఇలా అనండి: "బడి గంట తొమ్మిదికి. బస్సు తొమ్మిదీ ఇరవైకి. మరి మొదటి పీరియడ్ సంగతేంటి? ఆ బస్సులో వచ్చేవాళ్లనే అడుగుదాం పదండి." మూడు చిన్న వాక్యాలు, ఒక ప్రశ్న, వెంటనే ఇంకో గొంతు. "యొక్క", "తద్వారా", "నేపథ్యంలో" కనపడితే కొట్టేయండి. ఒక వాక్యంలో రెండు అంకెలకి మించి వద్దు. ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా విడదీసి, నింపాదిగా, రెండుసార్లు. రాసింది పైకి చదివి గడియారం పెట్టి చూసుకోండి. ఎవరి వేగం వాళ్లది గనక పక్కవాళ్ల లెక్క నీకు పనికిరాదు.

"హాయ్ పిల్లలూ!" అని మాత్రం మొదలెట్టకండి. పదమూడేళ్లవాడు తనని పిల్లాడనుకోడు. ఆకాశవాణి 'బాలానందం' నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు గానీ మాస్టారూ టీచరమ్మా కాలేదు. వయసుకి పైవాళ్లే అయినా చెయ్యి అందేంత దూరంలో ఉండే వరస అది. మీరు నిజంగానే ఆ వరసలో ఉన్నారు, వాడుకోండి. వ్యాఖ్యానం ఒక్కరితో మాట్లాడుతున్నట్టు ఉండాలి: "మీరందరూ" కాదు, "నువ్వు".

యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన 'సంఘం రేడియో' అనే కమ్యూనిటీ స్టేషన్‌ని నడిపేది పల్లెటూరి దళిత మహిళలు. ఆ ప్రసారానికి బలం వాళ్లు ఇంట్లో మాట్లాడే తెలుగే. మీ అనౌన్సర్లు ప్రైవేటు ఎఫ్.ఎం. వాళ్లలా మాట తిప్పుతూ, ఇంగ్లీషు కలుపుతూ ఉంటే ఆ స్టేషన్లకే పోతారు వినేవాళ్లు. వాళ్ల దగ్గర పాటలు మీకంటే ఎక్కువ. మీ మండలం మాట మీ దగ్గరే దొరుకుతుంది.

బడికి రికార్డింగ్‌కి వెళ్లే రోజు. ముందు హెడ్‌మాస్టరుగారితో ఒక నిమిషం సందేశం రికార్డు చేయండి. గౌరవం గౌరవమూ దక్కుతుంది, ఆయన పని అయిపోయిందని గదిలోంచి వెళ్తారు కూడా. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నంతసేపూ పిల్లలు పాఠం అప్పజెప్పినట్టే మాట్లాడతారు. ఫ్యాన్ ఆపండి. ట్యూబులైటు గీపెడుతుంటే అదీ ఆపండి. మీ ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే రికార్డరులో టికటిక పడుతుంది. మైకు పట్టుకునే అమ్మాయి గాజులు, గొలుసు తీసి సంచిలో వేయాలి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ ఇంటికొచ్చి వింటే ప్రతి ప్రశ్న వెనకా గలగల.

మైకు పిల్లల చేతికి ఇవ్వకండి. ఊపుతారు, వైరు లాగుతారు, నోట్లో పెట్టుకుంటారు. మీరే పట్టుకోండి. పిడికిలి బిగించి బొటనవేలు చాపితే ఎంత దూరమో అంత, అంటే జానెడు కన్నా కాస్త తక్కువ, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా. ఎదురుగా పెడితే "ప", "బ", "ఫ" దగ్గర గాలి కొట్టి దబ్‌మంటుంది. చెవిలో హెడ్‌ఫోన్ లేకుండా రికార్డు చేయడం అంటే కళ్లు మూసుకుని పోపు పెట్టడమే. రికార్డరులో చప్పుడు ఎంతుందో చూపే మీటరు మీద మాట మామూలుగా మైనస్ 12 డెసిబెల్ దగ్గర, గట్టిగా నవ్వినప్పుడు మైనస్ 6 దగ్గర ఉండనివ్వండి. సున్నాకి తగిలి పగిలిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. తక్కువైన గొంతుని పెంచుకోవచ్చు. మొదట పది సెకన్లు రికార్డు చేసి, వెనక్కి తిప్పి విని, అప్పుడు అసలు పని మొదలెట్టండి. అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా అదే గదిలో ముప్ఫై సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. ఎందుకో చెబుతాను.

ప్రశ్నలు. "మీ ఊరి గురించి చెప్పు" అంటే "మా ఊరు చాలా బాగుంటుంది" అని ఆగిపోతారు. "బడికొచ్చే దారిలో నువ్వు పరిగెత్తే చోటు ఏది?" అని అడుగు. కుక్కలున్న సందో, చింతచెట్టో, సారా దుకాణమో బయటకొస్తుంది. అవుననో కాదనో చెప్పి తప్పించుకోగల ప్రశ్న అడగకు. జవాబు ఆగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టు. అసలు మాట చాలాసార్లు ఆ మూడు అంకెల తర్వాతే వస్తుంది. కొత్తవాళ్లు ఆ ఖాళీ భరించలేక "ఓకే, సూపర్" అని మీద పడతారు.

ఏడు నిమిషాల అంశానికి పాతిక ముప్ఫై నిమిషాల రికార్డింగ్ చాలు. రెండు గంటలు రికార్డు చేసుకొస్తే వినే ఓపిక ఎవరికీ ఉండదు. అదే రోజు రాత్రి రెండు చోట్ల కాపీ పెట్టండి. ఫైలు పేరులో తేదీ, బడి, అంశం ఉండాలి. "న్యూ రికార్డింగ్ 47" అన్న పేరుతో ఉన్న ఫైళ్లు వెతకడంలోనే సగం ఆదివారాలు పోతాయి.

ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు చాలు, ఉచితం. రికార్డింగ్‌ని కుదించకుండా వేవ్ ఫైలుగానే ఉంచండి. ఎంపీ3 చేయడం ఆఖరున ఒక్కసారే, మాటకి మోనో సరిపోతుంది. కత్తిరించే పద్ధతి ఒక్క వాక్యం మీద చూపిస్తాను. తొమ్మిదో తరగతి కుర్రాడు ఇలా అన్నాడనుకో: "నేను కబడ్డీకి... అంటే మరి... సెలెక్ట్ అయ్యాను గానీ... మా నాన్న... (ఊపిరి) వద్దన్నాడు." "అంటే మరి" తీసేయి. "మా నాన్న" తర్వాత ఉన్న ఆగడం, ఆ ఊపిరి ముట్టుకోకు. అందులోనే ఉంది కథంతా. తీసిన చోట వెనకాల గది చప్పుడు పుటుక్కున తెగుతుంది కదా, అక్కడ ఆ ముప్ఫై సెకన్ల నిశ్శబ్దంలోంచి ముక్క తెచ్చి పరుస్తావు. అందుకే అది. రెండు ముక్కలు కలిసే చోట చిన్న క్రాస్‌ఫేడ్ ఇవ్వు, అంటే ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా. అయితే "వద్దన్నాడు" తర్వాత వాడు "వచ్చే ఏడు పంపిస్తానన్నాడు" అని ఉంటే అది తీసే హక్కు నీకు లేదు. ఆ తండ్రి కూడా వింటాడు.

నాయిస్ రిడక్షన్ ఎక్కువ పెడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడలాడుతుంది. కొంచెం ఫ్యాన్ చప్పుడు ఉన్నా నష్టం లేదు. మాట కింద సంగీతం వేస్తే మాట కన్నా పదిహేను, ఇరవై డెసిబెల్ తక్కువ ఉండాలి. హెడ్‌ఫోన్లో బాగున్నది చిన్న రేడియోలో మాటని మింగేస్తుంది, కాబట్టి ఆఖరి మిక్స్ ఒకసారి ఫోన్ స్పీకర్లో, పక్కన ఎవరో గిన్నెలు కడుగుతుండగా విను. మీ శ్రోత ఇల్లు అలాగే ఉంటుంది.

పాటలు. యూట్యూబులో ఉచితంగా దొరికితే మనం వేసుకోవచ్చు అనుకుంటారు. సినిమా పాటలో రికార్డింగ్ హక్కు ఒకరిది, సాహిత్యం, సంగీతం హక్కులు వేరొకరివి. స్టేషన్‌కి ప్రసార లైసెన్సు ఉందేమో మేనేజరుని అడుగు. ఉన్నా అది మీ పాడ్‌కాస్ట్‌కి వర్తిస్తుందనుకోకు. రెంటికీ పనికొచ్చే దారి ఒకటే: పిల్లలే పాడాలి. కోలాటం పాట, బతుకమ్మ పాట, నాట్లప్పుడు అమ్మమ్మలు పాడేవి. జానపదం ఎవరి సొత్తూ కాదు గానీ, దాన్ని ఒక స్టూడియో చేసిన రికార్డింగ్ మాత్రం వాళ్ల సొత్తే. మీ టైటిల్ సంగీతం కూడా మీ కాలేజీలో డప్పు వాయించే కుర్రాడి చేత పది సెకన్లు వాయించి, ఒక కాగితం మీద అనుమతి రాయించుకోండి.

నిబంధనలు మీ మేనేజరుకి తెలిసే ఉంటాయి, అయినా నీకూ తెలియాలి. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి వార్తలని ఉన్నవి ఉన్నట్టు వేయవచ్చు. రాజకీయాలు కూడదు. పరీక్షా ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగ సమాచారం, వాతావరణం, ఆటల పోటీలు, కరెంటు, నీటి సరఫరా ప్రకటనలు ఆ నిషేధంలోకి రావు. మీ శ్రోతలకి కావలసింది చాలావరకు ఇందులోనే ఉంది. ప్రసారమైన ప్రతిదీ మూడు నెలలు భద్రపరచాలి. ప్రకటనలకి 2024 నుంచి గంటకి 12 నిమిషాల దాకా అనుమతి ఉంది. పుస్తకాల కొట్టువాడు ఇస్తే తీసుకోండి. కోచింగ్ సెంటరు వాడు ర్యాంకుల మోత మోగిస్తానంటే, నన్నడిగితే, వద్దనండి. మీరు ఆరు నిమిషాలు సైన్సు సందేహం తీర్చి చేసిన పనిని వాడు ముప్ఫై సెకన్లలో భయంగా మార్చేస్తాడు.

పిల్లల భద్రత విషయంలో మాత్రం నవ్వులాట లేదు. రికార్డింగ్‌కి ముందే తెలుగులో ఒక పేజీ అనుమతి పత్రం, దాని మీద తల్లి గానీ తండ్రి గానీ సంతకం. ఊరిపేరు, మొదటి పేరు చాలు. ఇంటిపేరు, హాస్టల్ గది, వెళ్లే దారి, వేళ వద్దు. కార్యక్రమానికి స్టేషన్ పేరు మీద వేరే సిమ్ ఉండాలి. ఎవరి సొంత నంబరూ ప్రసారం చేయకండి. ఆ ఫోను ఇద్దరు చూడాలి, పిల్లలతో రాత్రిపూట ఎవరూ ఒంటరిగా చాటింగ్ చేయకూడదు. రికార్డింగ్‌లో ఎవరైనా పిల్ల తనమీద జరిగిన అఘాయిత్యం గురించి చెప్పడం మొదలెడితే, ఇంకా ఇంకా అడక్కు. పిల్లని తప్పు పట్టకుండా విను, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు, రికార్డరు ఆపు. వెంటనే మేనేజరుకి చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించు. తెలిసిన వాళ్లు పోలీసులకి గానీ, బాలల పోలీసు యూనిట్‌కి గానీ తెలపడం, అది లైంగిక నేరమైతే, పిల్లలని అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, ఆ పిల్ల ఎవరో తెలిసేలా ప్రసారం చేయడం నేరం. ఈ విషయం జట్టులో ప్రతి ఒక్కరికీ మొదటి మీటింగులోనే చెప్పు.

ఇప్పుడు నీ పోస్టర్లు. ఏ4 కాగితం, అయిదడుగుల దూరం నుంచి చదవగలిగేవి మూడే: స్టేషన్ నంబరు, రోజు, వేళ. జట్టు ఫోటో వద్దు. అంటించే చోట్లు: మంచినీళ్ల కుళాయి దగ్గర, సైకిల్ స్టాండులో, మధ్యాహ్న భోజనం లైను పక్కన, జిరాక్స్ షాపులో. నోటీసు బోర్డు మీద పెడితే అది గోడలో కలిసిపోతుంది. ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు అడిగి, ఉపన్యాసం ఇవ్వకుండా చిన్న స్పీకరులో నలభై సెకన్ల ముక్క వినిపించండి. అదే బడి పిల్ల గొంతు అయితే లైన్లన్నీ కదులుతాయి. ముక్క జవాబుకి ముందే తెగాలి.

మీ స్టేషన్‌లోనే ప్రోమో వేయండి, అదీ వ్యవసాయం కార్యక్రమం మధ్యలో, పాత పాటల మధ్యలో. సెట్టు ఆన్ చేసేది పెద్దవాళ్లు. ఇరవై సెకన్ల ప్రోమో రెండు రకాలుగా రికార్డు చేసుకోండి: "రేపు ఉదయం" అన్నది ఒకటి, "ఇవాళ ఉదయం" అన్నది ఒకటి. ఒక్కటే చేసి ఆదివారం పొద్దున కూడా "రేపు" అని వేయడం అన్ని స్టేషన్లలోనూ జరిగే పొరపాటే. వాట్సాప్‌లో పిల్లలుండరు, తల్లిదండ్రుల గ్రూపులుంటాయి. అక్కడికి ముప్ఫై సెకన్ల ముక్క, కింద ఒకే లింకు. పాడ్‌కాస్ట్‌కి "ఎపిసోడ్ 6" అని కాకుండా "బస్సు తొమ్మిదీ ఇరవైకి" అని పేరు పెట్టండి.

రికార్డు చేసిన ప్రతి పిల్లకీ ప్రసారం తేదీ, వేళ ఒక చీటీ మీద రాసివ్వండి. ఆ పిల్ల ఇల్లంతా చాటుతుంది. అంశం ఏ కారణం చేతనైనా వాయిదా పడితే బడికి ఫోన్ చేసి ముందే చెప్పండి. చుట్టాలందరినీ కూర్చోబెట్టుకున్నాక తన గొంతు రాకపోతే ఆ పిల్లకి అయ్యే అవమానం మీరు తీర్చలేరు, ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ మైకు ముందుకి రారు.

బాగుందా అని అడక్కండి, బాగుందనే అంటారు. నెలకోసారి అయిదారుగురు పిల్లలతో కలిసి కూర్చుని ప్రసారం వినండి. వాళ్లు పక్కపిల్ల జడ లాగడం ఏ నిమిషంలో మొదలెట్టారో కాగితం మీద రాసుకోండి. రెండు నెలలు వరసగా అదే చోట అయితే ఆ అంశం ఎత్తేయండి, అది నువ్వు రాసినదైనా సరే.

మొదటి ప్రసారానికి ముందే మూడు భాగాలు పూర్తిగా తయారై చేతిలో ఉండాలి. పదమూడు వారాలకి ఒక కాగితం మీద ప్రణాళిక గీయండి. మీ సెమిస్టరు పరీక్షలు, వాళ్ల మార్చి పరీక్షలు, దసరా, సంక్రాంతి సెలవులు అందులో ముందే గుర్తు పెట్టండి. సెలవుల్లో బడి ఉండదు, రికార్డింగ్ దొరకదు. ప్రతి పనికి ఇద్దరు, ఒకరు చివరి సంవత్సరం, ఒకరు మొదటి సంవత్సరం. ఎడిటింగ్ ఒక్కడికే వచ్చిన జట్టు ఆ ఒక్కడికి జ్వరం వచ్చిన వారం ఆగిపోతుంది.

మొదటి భాగం పూర్తికాగానే నాకు పంపు. మిక్స్ చేసింది కాదు, ఆ ఏడు నిమిషాల అంశానికి మీరు చేసిన పాతిక నిమిషాల అసలు రికార్డింగ్, దానితోపాటు మీరు ఏం తీసేశారో నిమిషాలతో సహా రాసిన కాగితం. వేవ్ ఫైలు పెద్దదవుతుంది, ఇక్కడ నెట్ అంతంతమాత్రం. ఎంపీ3 చాలు.

మీ
పెద్దమామయ్య